ఏడుపు వినిపించని స్నానం

హుస్సేనీ ఆలంలో ఇప్పటికీ ఒక మూలికల దుకాణం ఉంది. దాని ముందు నుంచి నడిచిపోతున్నప్పుడు వేయించిన పెసల కమ్మదనం, ఎండిన గులాబీ రేకుల తీపి, కచ్చూరాల ఘాటు, వాటన్నిటి అడుగున పసుపు పచ్చివాసన ఒక్కటిగా కలిసి వచ్చి ముఖానికి కొడతాయి. ఎవరింట్లోనో పసిబిడ్డ పుట్టిందనీ, సున్నిపిండి పట్టిస్తున్నారనీ తెలిసిపోతుంది. నాతో నడిచేవాళ్ళు అక్కడ ఆగి, కళ్ళు మూసుకుని ఆ వాసనను గుండెల నిండా పీల్చుకుని, పుట్టింటి వాసన అంటారు, పండుగ వాసన అంటారు. నేను ఆగను. ఆ వాసన తగిలిన క్షణాన నా వీపు మీద, రెండు భుజాల నడుమ, అరచేయంత చోట చర్మం మండుతుంది. యాభై దగ్గరపడుతున్న ఈ వయసులో ఆ మంట వట్టి భ్రమ అని నాకు తెలుసు. అయినా నా అడుగుల వేగం పెరుగుతుంది.

పడుకునే ముందు ఆనాటి సంగతులను తారీఖు వేసి రాసుకోవడం, కళ్ళారా చూసినదాన్నీ ఒకరు చెప్పగా విన్నదాన్నీ విడివిడిగా పెట్టుకోవడం నాకు ఏనాటి నుంచో అలవాటు. ఇక్కడ చెప్పబోయే సంగతికి మాత్రం తారీఖు వేయలేను. అప్పటికి నాకు గుణింతాలు కూడా పూర్తిగా రావు. అది బోనాలకు ముందు జరిగిందని అమ్మ అంటుంది, తరువాత అని నేనంటాను. గల్లీ మొదట్లో తోపుడు బండి మీద తాటి ముంజలు అయిపోయి అల్లనేరేడు పళ్ళు వచ్చాయనీ, పిల్లలందరి నాలుకలూ ఊదారంగు తిరిగి ఉన్నాయనీ నాకు స్పష్టంగా గుర్తుంది కాబట్టి, వానలు మొదలైన దినాలని మాత్రం రూఢిగా చెప్పగలను. ఇందులో తక్కినదంతా నేను చూసినదే.

మా ఇల్లు పెద్ద గల్లీలోంచి చీలిన ఒక సన్నటి గల్లీ చివర ఉండేది. బాపుకు బెల్లం, నూనెల టోకు వ్యాపారం. ముందు గది నిండా బెల్లం దిమ్మెలు, వాటి చుట్టూ ముసిరే కందిరీగలు, ఎంత కడిగినా అరికాళ్ళకు అంటుకునే గచ్చు. లోపలికి వస్తే నాలుగు వైపులా గదులు, నడుమ ఆకాశానికి తెరుచుకున్న వాకిలి, వాకిలికి ఒక మూల జాలారి. స్నానాలకు వాడుకునే ఆ చిన్న గదిని మేం అట్లా పిలిచేవాళ్ళం. దానికి ఎక్కడో పడగొట్టిన పాత నవాబుల దేవిడీ నుంచి తాతయ్య కొనుక్కొచ్చిన టేకు తలుపు ఉండేది. ఇద్దరు మనుషులు పట్టి ఎత్తితే గాని కదలనంత బరువు. తలుపు బయట కట్టెల పొయ్యి, దాని మీద మసిబారిన రాగి కాగు. ఎండాకాలం మేం డాబా మీది పరుపుల మీద ఇంకా దొర్లుతూ ఉండగానే కింద కట్టెలు చిటపటలాడేవి, పొగ పైకి లేచేది, కాగులో నీళ్ళు సన్నగా పాడటం మొదలుపెట్టేవి. ఆ పాట వినగానే మా చిన్నాన్న కొడుకు దుప్పటి తీసుకుని బెల్లం గోనెల వెనక్కి పారిపోయేవాడు. నేను పిట్టగోడ దిగి పక్కింటి జైనబ్ ఖాలా వంటింట్లో దూరేదాన్ని. ఎక్కడ దాక్కున్నా ఫలితం ఒకటే. నాయనమ్మ వచ్చి జుట్టు దొరికితే జుట్టు, చెవి దొరికితే చెవి పట్టుకుని లాక్కుపోయేది.

నాయనమ్మ పొట్టి మనిషి, కాని మెడా భుజాలూ రాతిలో చెక్కినట్టు ఉండేవి. పీట మీద కూర్చుని, చీర మోకాళ్ళ పైకి ఎగదోసి, కాళ్ళు బారజాపి, పిల్లను తన పిక్కల మీద బోర్లా పడవేసుకుని ఎడమ చేత్తో మెడ పట్టుకుందంటే, ఇక తప్పించుకునేదెవరూ లేరు. ముందు ఆముదం, మాడు మీద చెళ్ళుమని చరిచి చరిచి ఇంకించేది. తరువాత సున్నిపిండి. అది రవ్వలా బరకగా ఉండాలి, మెత్తగా విసిరితే పారబోయించేది. దానితో మెడ నుంచి నడుం దాకా, నడుం నుంచి మడమ దాకా ఆకురాయితో ఇనుము అరగదీసినట్టు రుద్దేది. పిండిలో కలిసి నల్లటి వత్తులు రాలితే వాటిని వేళ్ళ మధ్య నలిపి నా ముక్కు దగ్గర పెట్టి, "సూడు పోరీ, ఎంత మైల ఎల్లిందో సూడు! గీ మైలతోని బడికి పోతున్నవా?" అనేది. అది మైల కాదనీ, నా చర్మపు పై పొర అనీ నాకు చాలా ఏళ్ళ తరువాత తెలిసింది. ఆ పైన కుంకుడు రసం కళ్ళలోకి. ఆ పైన కాగు నీళ్ళు. నీళ్ళు మొదట వేడిగా అనిపించేవి కావు. ఒక క్షణం చల్లగా, ఆ మరుక్షణం వాతలు పెట్టినట్టుగా ఉండేవి. నేను అరిచే అరుపుకు గోడ మీది పావురాలు లేచిపోయేవి.

గోడ అవతలి నుంచి జైనబ్ ఖాలా గొంతు వచ్చేది. "క్యా అమ్మా, ఆజ్ భీ కుస్తీ శురూ హోగయీ?"

"అవునమ్మా, కుస్తీనే! నీ మనుమడు గూడ ఉంటే పంపు, వానికి గూడ పోస్త," అని నాయనమ్మ నవ్వుతూ కేకేసేది. ఖాలా ఒక్కనాడూ పంపలేదు.

స్నానం అయ్యాక మాత్రం లోకం మారిపోయేది. పాత చీర ముక్కలో చుట్టి, బుట్ట కింద నిప్పుల మీద వేసిన ఊదు పొగలో తల ఆరబెట్టి, వేడన్నంలో నెయ్యీ బెల్లమూ కలిపి నాయనమ్మే ముద్దలు పెట్టేది. దీపావళినాడైతే హారతి పళ్ళెం, కొత్త గౌను, అరచేతుల్లో సకినాలు. మండుతున్న ఒంటి మీద కొత్త గుడ్డ గీసుకుంటుంటే నేను సకినం కొరుకుతూ ఏడుపు మింగేదాన్ని. ప్రేమ అంటే ఇట్లాగే ఉంటుంది, ముందు కాలుతుంది, తరువాత తీపి పెడుతుంది అని ఆ వయసులో నేను అనుకున్నాను. ఇంట్లో అందరూ అట్లాగే అనుకున్నారు. బాపు ఆ చేతుల కిందే పెరిగాడు, చిన్నాన్న పెరిగాడు, గల్లీలో సగం మంది పెరిగారు. నాయనమ్మ పొయ్యి మీది గిన్నెను గుడ్డ లేకుండా దించేది. జారిపడ్డ నిప్పు కణికను రెండు వేళ్ళతో ఎత్తి పొయ్యిలోకి విసిరేది. చూసినవాళ్ళు అదొక విద్య అన్నట్టు మెచ్చుకునేవాళ్ళు. ఆ చేతుల గురించి వేరే రకంగా ఆలోచించవలసి ఉందని ఎవరికీ తట్టలేదు.

ఆ ఎండాకాలంలో తమ్ముడు పుట్టాడు. అమ్మ పుట్టిల్లు మొఘల్‌పురాలో, అడుగు దూరంలోనే. కాని అమ్మమ్మ లేదు కాబట్టి పురుడు మా ఇంట్లోనే జరిగింది. తమ్ముడు నెల ముందుగా పుట్టిన పిల్లవాడు. చర్మం ఉల్లిపొరలా ఉండేది, లోపలి నరాలు నీలంగా కనిపించేవి. వేలితో తాకితే ఆ చోట ఎర్రగా అచ్చు పడి చాలాసేపు అట్లాగే ఉండేది. మొదట్లో నాయనమ్మ కూడా వాణ్ణి చూసి తటపటాయించింది. బొడ్డు ఊడి, పురుటి స్నానాలు అయ్యాక మాత్రం వాణ్ణి పిక్కల మీదికి తీసుకుంది.

వాడి ఏడుపు నా ఏడుపు లాంటిది కాదు. మొదట పొడుగ్గా ఒక కేక, తరువాత ఊపిరి అందక ముఖం నల్లబడి నిశ్శబ్దం, తరువాత మళ్ళీ కేక. నాయనమ్మ వాడి ముక్కును రెండు వేళ్ళతో నిలువునా లాగేది, నెత్తిని అరచేతుల మధ్య ఒత్తి గుండ్రం చేసేది, చెవుల్లోకీ ముక్కులోకీ ఊదేది, కుడి చేతిని ఎడమ కాలికి, ఎడమ చేతిని కుడి కాలికి తాకించి లాగేది, చివరికి రెండు కాళ్ళూ పట్టి తలకిందులుగా ఒకసారి వేలాడదీసేది. తరువాత వాడు సాయంత్రం దాకా కదలకుండా పడుకునేవాడు. "సూసిండ్రా, తానం మంచిగ పడితే నిద్ర ఎట్ల పడుతదో!" అని ఇంటికి వచ్చినవాళ్ళందరికీ చూపించేది. అమ్మ మాత్రం ఆ నిద్ర పక్కన కూర్చుని మాటిమాటికీ వాడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకునేది.

కొన్నాళ్ళకు వాడు స్నానం లేనప్పుడు కూడా వీపు విల్లులా వంచి ఏడవడం మొదలుపెట్టాడు. నాయనమ్మ వాణ్ణి వెలుతురులోకి తీసుకెళ్ళి వీపు నిమిరి చూసి తీర్పు చెప్పింది.

"ఈపుల ముండ్లున్నయి. గవి గుచ్చుకుంటున్నయి, అందుకే ఏడుస్తున్నడు. తియ్యాలె."

ఆ నమ్మకం మా ఇంట్లో అందరిదీ. పసిపిల్లల వీపు మీది నూగును ముళ్ళు అనేవాళ్ళు. వాటి మొనలు లోపలికి పొడుచుకుంటాయనీ, పసుపూ మీగడా కలిపిన గోధుమపిండి ముద్దను వీపు మీద దొర్లిస్తే ముద్దకు అంటుకుని వచ్చేస్తాయనీ అనేవాళ్ళు. నాయనమ్మ రోజూ ముద్ద దొర్లించింది. ముద్దకు సన్నటి వెంట్రుకలు అంటుకుని వచ్చేవి. "ఇగో, ఇగో ముండ్లు!" అని ఆమె చూపిస్తే మేమంతా వంగి చూసేవాళ్ళం, అవి నిజంగా ముళ్ళలాగే కనిపించాయి. వచ్చేకొద్దీ ఇంకా ఉన్నాయని ఇంకా గట్టిగా రుద్దింది. చర్మం కమిలింది, తరువాత చిట్లింది, తరువాత తడి ఊరింది. అమ్మ తుడిచిన గుడ్డ మీద ఒకరోజు పసుపుతో పాటు నెత్తురు అంటింది, ఇంకొకరోజు చీము అంటింది.

అమ్మ నన్ను వెంటబెట్టుకుని, పుట్టింటికి అని చెప్పి, తమ్ముణ్ణి ఒక డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆమె వాడి చొక్కా విప్పి, వీపును వెలుతురుకు తిప్పి చూసింది. తరువాత చెప్పినవి ఇవి: ఒక్క నూగు వెంట్రుకనూ ముట్టుకోవద్దు, అవి వాటంతట అవే రాలిపోతాయి. నీళ్ళు మోచేతికి కొంచెం వెచ్చగా తగిలితే చాలు. పిండి వద్దు, రుద్దడం వద్దు, చెవిలో ముక్కులో నూనె వద్దు, పొగ వద్దు. మెత్తటి నూలుగుడ్డతో అద్దాలి, మెడ కింద, గజ్జల్లో మడతలు తడి లేకుండా చూడాలి. పుండుకు ఒక మందు రాసిచ్చింది. పంపించేటప్పుడు మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని, "ఇంకోసారి ఈ వీపును రుద్దితే విషం నెత్తురులోకి పోతది. అప్పుడు నా దగ్గర మందు ఉండదు," అంది.

ఆ రోజు సాయంత్రం అమ్మ ఆ మాటలన్నీ ఇంట్లో చెప్పింది. బాపు భోజనానికి కూర్చుని ఉన్నాడు.

"ఆ డాక్టరమ్మ ఎంతమంది పిల్లలకు తానం పోసిందట?" అని నాయనమ్మ అడిగింది. "పెండ్లయిందా, లేదా? గీ చేతులు నీ మొగుణ్ణి పెంచినయే. వాడు సచ్చిండా?"

"అత్తమ్మా, వీపు మొత్తం పుండయింది. పుండు మానేదాంక రుద్దకుండ్రి. నేను పోసుకుంట."

"నువ్వు పోసుకుంటవా? మెడ నిలపరాదు నీకు!"

"నా కొడుకు. నేనే పోసుకుంట."

నాయనమ్మ తడి చెయ్యి అమ్మ చెంప మీద పడింది. అమ్మ కదలలేదు. బాపు కంచం ఎత్తి గోడకు కొట్టాడు, పప్పు గోడ మీద నుంచి జారుతుండగా లేచి వచ్చి, "మా అమ్మకు ఎదురు మాట్లాడుతవా?" అంటూ రెండో చెంప మీద కొట్టాడు. బాపు చెడ్డవాడని నేను రాయలేను. అంతకు ముందు వారమే అమ్మ కోసం లాడ్‌బజార్‌లో గాజులు వెతికి వెతికి తెచ్చినవాడూ ఆయనే. ఆ దెబ్బకు అమ్మ చెయ్యి గోడకు తగిలి వాటిలో మూడు పగిలాయి. అమ్మ వంగి ముక్కలు ఏరింది, పాకే పిల్లలు లేకపోయినా, ఒక్క పెంకు మిగలకుండా ఏరింది.

మరునాడు నాయనమ్మ పిండి ముద్ద కలుపుకుని, తమ్ముడి కోసం చెయ్యి చాచింది. అమ్మ ఇవ్వలేదు. నాయనమ్మ వాడి కాలు పట్టుకుంది, అమ్మ నడుం పట్టుకుంది. ఒక్క నిమిషం పాటు వాడు ఇద్దరి మధ్య గాలిలో బిగుసుకుని ఉన్నాడు. వాడి నోరు తెరుచుకుని ఉంది కాని గొంతు రావడం లేదు. అమ్మ గట్టిగా లాక్కుంది. తాను ముందే కలిపి పెట్టుకున్న బకెట్ నీళ్ళు ఒక చేత్తో, పిల్లవాడు ఇంకో చేతిలో, జాలారి వైపు నడుస్తూ నన్ను చూసి, "నువ్వు రా, గుడ్డలు పట్టుకరా," అంది. నేను లోపలికి వెళ్ళగానే టేకు తలుపు మూసి గడియ పెట్టింది.

తలుపు మూసుకున్నాక జాలారిలో పై కిటికీ నుంచి పడే ఒక పలక వెలుతురు తప్ప ఏమీ లేదు. అమ్మ పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. తన మోచెయ్యి నీళ్ళలో ముంచి చూసింది, నన్నూ ముంచమంది. "కాలుతుందా?" అంది. లేదన్నాను. "సల్లగున్నదా?" లేదన్నాను. తమ్ముణ్ణి పిక్కల మీద వెల్లకిలా పెట్టుకుని, తల తన రెండు పాదాల మధ్య ఇమిడేటట్టు సర్ది, ముందు కాలి వేళ్ళ మీద కాసిని నీళ్ళు పోసింది. వాడు ఉలిక్కిపడి, ఏడవడానికి ముఖం చిట్లించి, ఆగిపోయాడు. అమ్మ మళ్ళీ పోసింది. వాడు పిడికిళ్ళు విప్పాడు. పుట్టిన దగ్గర నుంచి ఆ పిడికిళ్ళు స్నానంలో విప్పుకోవడం నేను చూడలేదు. కాస్త సబ్బు అరచేతిలో నురగ చేసి మెడ మడతల్లో, చంకల్లో, వేళ్ళ సందుల్లో తామరాకు మీద నీటిబొట్టు జారినట్టు రాసింది. వాడు నోరు తెరిచి కిటికీ వెలుతురు వైపు చూస్తున్నాడు. "మాట్లాడకు, బెదురుతడు," అని అమ్మ నాతో పెదవులతోనే చెప్పింది. నీళ్ళు గచ్చు మీద పారుతున్న సన్నటి చప్పుడు తప్ప ఆ గదిలో ఏమీ వినపడలేదు. నా బాల్యంలో అంత నిశ్శబ్దం ఇంకెక్కడా లేదు.

బయట ఆ నిశ్శబ్దాన్ని వేరే విధంగా విన్నారు.

ముందు గోడ అవతలి నుంచి ఖాలా అడిగింది. "అమ్మా, ఆజ్ బచ్చే కీ ఆవాజ్ నై ఆరీ. ఖైరియత్ హై నా?" పిల్లవాడి గొంతు వినపడటం లేదు, క్షేమమేనా అని. రోజూ వినపడే కుస్తీ ఇవాళ లేదు కాబట్టి మామూలుగా అడిగింది.

నాయనమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. చెవి పెట్టి వింటోందని, తలుపు కింది సందులోంచి కనిపించే ఆమె పాదాలు ఆగడం వల్ల మాకు తెలిసింది. మా ఇంట్లో పసిపిల్ల స్నానంలో ఏడవకుండా ఉండడం అనేది లేదు. అది జరగదు. ఏడవని పిల్ల అంటే ఒకటే అర్థం.

"ఏందే? సప్పుడు లేదేంది?" ఆమె గొంతు మారిపోయింది. "పోరడు ఏడుస్తలేడేంది? ఒరేయ్, రారా! పిల్లగాన్ని నీళ్ళల్ల ముంచిందిరా! సంపిందిరా నీ పెండ్లాం!"

అమ్మ, "ఏం కాలేదు అత్తమ్మా, అయిపోయింది, జర ఆగుండ్రి," అంది. కాని అప్పటికే నాయనమ్మ రెండు చేతులతో తలుపు బాదుతోంది, బాపు దుకాణం గదిలోంచి పరుగెత్తుకొచ్చి భుజంతో గుద్దుతున్నాడు, చిన్నాన్న ఏదో అరుస్తున్నాడు. ఆ చప్పుడులో అమ్మ మాట ఆమె నోటి ముందే ఆగిపోయింది. లేవబోయింది, ఒళ్ళంతా సబ్బు నురగతో పిల్లవాడు కాళ్ళ మీద జారుతున్నాడు. నేను గడియ దగ్గరికి కదిలాను. తలుపు గుద్దు గుద్దుకూ లోపలికి ఉబ్బుతోంది, పైనుంచి సున్నం రాలుతోంది.

"వద్దు, వద్దు! నా ఎనకకు రా!" అని అమ్మ మొదటిసారి గట్టిగా అరిచింది.

వాళ్ళు ఏదో బరువైనదానితో కొట్టారు. అది పచ్చళ్ళు దంచే రోకలి అని తరువాత చూశాను. మూడో దెబ్బకో నాలుగో దెబ్బకో గడియా పై బందూ ఊడి తలుపు మొత్తంగా లోపలికి వాలింది. అమ్మ తమ్ముణ్ణి కడుపులోకి లాక్కుని, నన్ను మోకాళ్ళతో గోడకు నెట్టి, తలుపు వైపు వీపు తిప్పింది. తలుపు అంచు ఆమె కుడి భుజం మీద పడింది. ఎండిన కట్టె విరిగినప్పటి లాంటి చప్పుడు వచ్చింది. ఇత్తడి చెంబు దొర్లుకుంటూ వాకిట్లోకి పోయింది.

అప్పుడు తమ్ముడు ఏడ్చాడు.

ఆ ఏడుపు వినగానే నాయనమ్మ గచ్చు మీద కూలబడి రెండు చేతులూ జోడించింది. "బతికిండు! నా తండ్రి బతికిండు!" అంటూ నవ్వుతోంది, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. చిన్నాన్న తలుపు కింద భుజం పెట్టి పక్కకు నెట్టాడు. అమ్మ చెయ్యి భుజం దగ్గర నుంచి ఉండకూడని వైపు తిరిగి వేలాడుతోంది. మోచేతి నుంచి నెత్తురు కారి, పారుతున్న సబ్బు నీళ్ళలో కలిసి, వాకిలి కాలువలోకి గులాబీ రంగులో పోతోంది. ఎడమ చేత్తో తమ్ముణ్ణి అట్లాగే పట్టుకుని ఉంది. బాపు చేతిలో రోకలి ఇంకా ఉంది.

"ఏం చేసినవే వాన్ని?" అన్నాడు బాపు, కాని ఆ మాటలో పస లేదు. తమ్ముడు ఎర్రగా, శుభ్రంగా, కాళ్ళు తంతున్నాడు.

"తానం పోసిన," అంది అమ్మ.

నాయనమ్మ లేచి వచ్చి అమ్మ బకెట్‌లో చెయ్యి పెట్టింది. "సల్లటి నీళ్ళు! సూడురా, మంచుగడ్డ లెక్కున్నయి. పోరడు బిగుసుకపోయి ఏడ్వలేదు!"

బాపు వంగి తన చెయ్యి పెట్టాడు. కాసేపు ఉంచాడు. "గోరువెచ్చగున్నయి గదమ్మా," అన్నాడు.

"నీకేం తెలుసు? గిట్లుండాలె నీళ్ళు!" అని ఆమె కాగులోంచి ముంచి, రోజూ కలిపేటంత చన్నీళ్ళే కలిపి, తన చేత్తో తిప్పి చూసి, సరిపోయాయని తల ఊపి, చెంబు బాపు చేతి మీద ఒంపింది. బాపు కేక పెట్టి చెయ్యి లాక్కున్నాడు. రోకలి కింద పడింది. ఆయన మణికట్టు మీద చర్మం చూస్తుండగానే ఎర్రబారింది.

"కాలుతున్నయమ్మా! గింత కాలే నీళ్ళు పోస్తున్నవా వానికి గిన్నొద్దులు?"

నాయనమ్మ ఆయన్ను అనుమానంగా చూసింది. తరువాత ఆ చెంబులోనే తన నాలుగు వేళ్ళూ ముంచి అట్లాగే నిలబడింది. మేమందరం ఆ వేళ్ళనే చూస్తున్నాం. ఆవిరి లేస్తోంది. ఆమె తీయలేదు. ఆమెకు తీయవలసిన అవసరం తెలియడం లేదని అక్కడున్న అందరికన్నా ముందు అమ్మకు అర్థమైంది. "తియ్యుండ్రి అత్తమ్మా, బొబ్బలెక్కుతయి," అంది, తన చెయ్యి విరిగి వేలాడుతుండగా.

నాయనమ్మ చెయ్యి తీసి చీర కొంగుకు తుడుచుకుంది. "మీ తోళ్ళు నాజూకయినయి," అని మాత్రం అని, గదిలోకి వెళ్ళిపోయింది.

ఖాలా గోడ మీద నుంచి చూస్తోంది. ఆమే, "దేర్ మత్ కరో భాయ్, ఆలస్యం చెయ్యకు, ఎముకలు కట్టే పహిల్వాన్ దగ్గరికి తీసుకపో," అని బాపును కదిలించింది. పహిల్వాన్ వెదురు బద్దలు పెట్టి కట్టాడు. ఎముక అతుక్కుంది కాని సరిగ్గా అతుక్కోలేదు. ఆనాటి నుంచీ అమ్మ కుడి చెయ్యి భుజం కన్నా పైకి లేవదు. తన జడ తాను వేసుకోలేదు. బాపు క్షమించమని అడిగాడో లేదో నాకు తెలియదు, నా ఎదుట అడగలేదు. జాలారికి మళ్ళీ తలుపు పెట్టించలేదు. గోనె పరదా కట్టాడు, అదే ఆ ఇంట్లో చివరిదాకా ఉంది. తమ్ముడికి అమ్మే ఎడమ చేత్తో స్నానం చేయించింది, నేను నీళ్ళు పోశాను. వీపు మానింది. నూగు దానంతట అదే రాలిపోయింది. నాయనమ్మ ఆ తరువాత ఏ పిల్లకూ స్నానం చేయించలేదు. గల్లీ వాళ్ళు వచ్చి పిలిస్తే మోకాళ్ళ నొప్పులనేది. అన్నం ముద్దలు మాత్రం పెడుతూనే ఉండేది. నేను చెయ్యి చాచి తీసుకునేదాన్ని. ఆమె వేళ్ళు నా అరచేతికి తగిలితే ఉలిక్కిపడేదాన్ని, ఆమె అది చూసి కూడా చూడనట్టు ఉండేది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. దాని చోట నాలుగంతస్తుల భవనం వచ్చింది, కింద సెల్‌ఫోన్ల దుకాణం. పొద్దున్నే ఆ గల్లీలో నడిస్తే ఒక్క ఇంట్లోంచీ కట్టెల పొగ రాదు, పసిపిల్లల కేకలు రావు, గోడ మీద నుంచి ఎవరూ ఎవరి క్షేమమూ అడగరు. కాళ్ళు బారజాపి పిక్కల మీద పిల్లను పడుకోబెట్టుకోవడం తెలిసిన మనిషి మా బంధువుల్లో ఒక్కరూ మిగల్లేదు. పోయిన వాటిలో కొన్నింటికి నేను విచారించను. గోడ మీది ప్రశ్నకు మాత్రం విచారిస్తాను, ఆనాడు ఆ ప్రశ్న వల్లే అమ్మ చెయ్యి విరిగినా.

తమ్ముడు కంచన్‌బాగ్‌లో ఉద్యోగం చేస్తాడు, అక్కడికి దగ్గర్లోనే ఉంటాడు. ఆలస్యంగా పెళ్ళయింది, ఈ వానాకాలం వాడికి కూతురు పుట్టింది. అమ్మ వాళ్ళ దగ్గరే ఉంటుంది. మొన్న ఆదివారం నేను వెళ్ళేసరికి మరదలు రమ్య బిడ్డకు స్నానం సిద్ధం చేస్తోంది. నీలం రంగు ప్లాస్టిక్ తొట్టి, మెత్తటి తువ్వాలు, వాసన లేని సబ్బు. వీపు మీద నూగుతో, ముడుచుకున్న పిడికిళ్ళతో బిడ్డ నా ఒళ్ళో ఉంది.

"అత్తమ్మా, నీళ్ళు జర సూడుండ్రి, సరిపోయినయా?" అంది రమ్య.

అమ్మ తొట్టి పక్కన కూర్చుని, జాకెట్ ఎడమ చేతిని పైకి మడిచి, మోచెయ్యి నీళ్ళలో పెట్టింది. చాలాసేపు ఉంచింది. ఆమె చర్మం ఇప్పుడు పాత కాగితంలా ముడతలు పడి, మచ్చలు దేరి ఉంది. తీసి ఆరబెట్టుకుంది, మళ్ళీ పెట్టింది. నేను ఆమె ముఖం చూస్తున్నాను.

"నువ్వు పెట్టు బిడ్డా," అంది రమ్యతో. "నా చెయ్యి మీద భరోస లేదు."

రమ్య మోచెయ్యి పెట్టి, కొంచెం వేడిగా ఉన్నాయంది. అమ్మ మగ్గు అందుకుని, వెనక్కి జరిగి, చన్నీళ్ళు ముంచి ఆమెకు ఇచ్చింది.